ఒక్క ముఖం, రెండు మాటలు

మా అన్న ముషబ్బబ్‌కి దేవుడు రెండు చెవులిచ్చాడు, ఎదుటివాడు ఏం అడుగుతున్నాడో వినమని. కానీ అతిథి ఎదురుగా కూర్చున్నాడంటే ఆ రెండూ మూసుకుపోతాయి, నోరొక్కటే తెరుచుకుంటుంది. ఆ రోజు జరిగిన రభసంతా ఆ నోటి వల్లే.

నేను మేకలకు నీళ్లు పెట్టి దొడ్డి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో తెల్లటి పెద్ద కారు ఆగి ఉంది. దాని మీద ఒక్క గీత లేదు, ఒక్క బురద చుక్క లేదు. రియాద్ నుంచి వచ్చిన కారని చూడగానే తెలిసిపోయింది, ఒళ్లు మండిపోయింది. కొన్నాళ్లుగా ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తున్న అబూ మిషాల్ ఇతగాడే అయి ఉండాలి.

పక్షులు చూడటానికి వచ్చేవాళ్లను మా లోయకు తీసుకెళ్లేది నేను. మా ఆయన పోయాక ఆయన పాత పికప్ నాకు మిగిలింది. దాన్ని తోలుకుంటూ వాళ్లను లోయ అంచున బల్లపరుపు బండ దాకా తీసుకెళ్లి దింపుతాను. అక్కడ కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుని, దుర్భిణులు పట్టుకుని ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఏడాదంతా పచ్చగా ఉండే అరార్ చెట్ల మొద్దుల మీద వడ్రంగిపిట్టలుంటాయి, రాళ్ల సందుల్లో కౌజులుంటాయి, అదృష్టం బాగుంటే అక్‌అక్ పిట్ట కనిపిస్తుంది. కాకంత ఉంటుంది, నలుపూ తెలుపూ, తోక పొడుగు. ఈ అసీర్ కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదట, చదువుకున్నవాళ్లు చెబుతారు. మా లోయలో ఒకప్పుడు గుంపులుగా తిరిగేవి. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క జంట. అందుకే అవి పిల్లలు చేసే కాలంలో బండ దాటి కిందికి ఎవరినీ అడుగు పెట్టనివ్వను, వచ్చినవాడు ఎంతటివాడైనా సరే.

అబూ మిషాల్‌కీ అదే చెప్పాను. "దూరం నుంచి తీసిన ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి పెద్దమ్మా. నాకు గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉండగా కావాలి" అన్నాడు ఫోన్లో. కుదరదన్నాను. మళ్లీ చేశాడు. మళ్లీ కుదరదన్నాను. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాను. ఎత్తనంతమాత్రాన వదిలేసే రకం కాదని అప్పుడే అర్థమై ఉండాల్సింది.

చెప్పులు విడిచి అతిథుల గది గుమ్మం దగ్గరికి వెళ్లాను. మా అన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడు అబూ మిషాల్. మీసానికి నల్ల రంగు, మణికట్టుకి ఇంత గడియారం. నా వయసే ఉంటుంది వాడికి, పెద్దమ్మంట! పక్కన ఫవ్వాజ్ అనే కుర్రవాడు, వాడి కెమెరాలు మోసే మనిషి, ఫోన్ పైకెత్తి గదంతా వీడియో తీస్తున్నాడు. అవేవీ కాదు నా గుండె ఆగేలా చేసింది. అబూ మిషాల్ ముందు తివాచీ మీద కాఫీ గిన్నె నిండుగా ఉంది. వాడు దాన్ని ముట్టుకోలేదు.

మా కొండల్లో పుట్టినవాళ్లెవరికీ అది చెప్పక్కర్లేదు. అతిథి కాఫీ అందుకుని, తాగకుండా కింద పెట్టాడంటే ఆయన ఏదో కోరి వచ్చాడని అర్థం. తీరుస్తానని ఇంటాయన మాట ఇచ్చేదాకా తాగడు. తాగకుండా లేచి వెళ్లాడంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. హత్య జరిగిన ఇంటికి వెళ్లి, చంపినవాడి ప్రాణం వదిలేయమని పెద్దమనుషులు అడిగే పద్ధతి అది. మా నాన్న తన జీవితం మొత్తంలో ఒక్కసారి అలా గిన్నె కింద పెట్టాడు, ఒక పిల్లవాణ్ణి కత్తి కింది నుంచి తప్పించడానికి. ఈ రంగుమీసం వాడు ఫొటో కోసం పెట్టాడు!

"అన్నా, ఆగు" అన్నాను.

అప్పటికే మా అన్న చెయ్యి గుండె మీద పెట్టేసుకున్నాడు. "తాగండి అబూ మిషాల్, తాగండి. ఎంత దూరం నుంచి వచ్చారు! మీ పని అయినట్టే అనుకోండి."

"ఏం పనో అడిగావా?" అని అరిచాను.

"ఇంటికొచ్చినవాణ్ణి అడుగుతారా ఎవరైనా?" అన్నాడు మా అన్న. అతని మొహంలో ఎంత గర్వమో! ఫవ్వాజ్ ఫోన్ అతని గడ్డం దగ్గరికి జరిగింది. అబూ మిషాల్ గిన్నె ఎత్తి చప్పరిస్తూ తాగాడు, చాలని చెప్పడానికి గిన్నెను అటూ ఇటూ ఊపాడు, అంతా పద్ధతిగా. అప్పుడు చెప్పాడు. "మీ లోయలో అక్‌అక్ గూడుంది కదా. పిల్లలు లోపలుండగా దగ్గర్నుంచి ఫొటో తీసుకోవాలి. అంతే. చిన్న కోరిక."

మా అన్న చెయ్యి గుండె మీదే ఉండిపోయింది. ముఖం మాత్రం మారింది.

ఎందుకు మారిందో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు ఒకసారి వడగళ్ల వాన కురిసి కొండంతా తెల్లబడింది. చెట్ల కింద చచ్చిన పిట్టలు. అప్పుడు ఒక అక్‌అక్ జంట తడిసి, ఎగరలేక మా ఇంటి చూరు కింద దూరింది. పక్కింటివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు, పంటలో గింజలు తింటాయని. మా నాన్న గుమ్మంలో నిలబడి, "ఇవి నా ముఖం మీద ఉన్నాయి" అన్నాడు. అంతే, కర్రలు కిందికి దిగిపోయాయి. ఒకరు నా ముఖం మీద ఉన్నారంటే, వాళ్లను తాకినవాడు నా చెంప మీద కొట్టినట్టు. మనుషులకిచ్చే రక్షణ అది, మా నాన్న పిట్టలకిచ్చాడు. ఊరంతా నవ్వింది, కానీ ఆ రోజు నుంచి మా లోయలో ఏ పిల్లాడూ వాటి మీద రాయి విసరలేదు. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర జనం ముందు అన్న ఆ మాట తన మీద వేసుకున్నాడు. కళ్లనీళ్లు కారుతుండగా వేసుకున్నాడు, నేను చూశాను.

అన్న వంటింట్లోకి రాగానే పట్టుకున్నాను.

"నీకున్నది ఒక్క ముఖం. దాన్ని ఎంతమందికి తాకట్టు పెడతావు?"

"నెమ్మదిగా మాట్లాడు, వింటారు."

"విననీ! నేను కుదరదన్నానని తెలిసే నా వెనక నీ దగ్గరికొచ్చాడు. నేను మేకల దగ్గరుండే వేళ చూసుకుని వచ్చాడు. గిన్నె కింద పెడితే నువ్వు పడిపోతావని వాడికెవరు చెప్పారో గానీ, సరిగ్గా చెప్పారు."

"ఇచ్చిన మాట ఇచ్చాను తర్ఫా. ఇప్పుడు లేదంటే రేపు ఈ కొండ మీద మన గుమ్మం ఎవడైనా తొక్కుతాడా?"

"పిట్టలకిచ్చిన మాట మాటేమిటి?"

"చూపిస్తానన్నాను. ముట్టుకోనిస్తానన్నానా?"

"ఆ గూటికి పైకప్పు ఉంటుందని నీకు తెలీదూ? ముళ్ల పుల్లలతో బుట్ట బోర్లించినట్టు కప్పేసుకుంటాయి. పిల్లల నోళ్లు ఎలా కనబడతాయి? కప్పు పీకితేనే కనబడతాయి!"

మా అన్న పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. "అవే తల బయట పెడతాయేమో" అన్నాడు. తనకే నమ్మకం లేదు ఆ మాట మీద. నాకు ఏడుపొచ్చింది, కోపంలో వచ్చే ఏడుపు. అరీకా కోసం రొట్టె పిసుకుతున్నాను, ఆ రొట్టె మీదే చూపించాను నా కసంతా. పైన నెయ్యీ తేనే పోసి తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టాను. ఏం చేస్తాను, అతిథులాయె. "ఆహా, ఇదీ కొండవాళ్ల మర్యాదంటే!" అని ఫవ్వాజ్ ఫోన్‌లోకి చెబుతూ ఆ పళ్లేన్ని కూడా వీడియో తీశాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. వాళ్ల తెల్లకారు ఆ రాళ్ల దారిలో కదలదు కాబట్టి నా పికప్‌లోనే ఎక్కాలి. నేను తోలనంటే అన్న మోకాళ్ల నొప్పులతో నడిచైనా వాళ్లను తీసుకెళ్తాడని తెలుసు. పైగా ఆ గూటి దగ్గర నేను లేకుండా వాళ్లు ఉండటం నాకిష్టం లేదు. అందుకని తోలాను. దారి పొడుగునా అబూ మిషాల్ నోరు ఆగలేదు. ఏ దేశంలో ఏ పిట్టను తీశాడో, దానికి ఎంతమంది లైకులు కొట్టారో చెబుతూనే ఉన్నాడు. కోతుల మంద ఒకటి రోడ్డుకి అడ్డంగా కూర్చుని మావైపు పళ్లు ఇకిలించింది. బండిలో ఉన్నదానికన్నా ఆ కంపెనీయే నయమనిపించింది.

బల్లపరుపు బండ దగ్గర బండి ఆపాను. కింద తిహామా మైదానం వైపు నుంచి పొగమంచు లోయలోకి ఎక్కి వస్తోంది. ఎదుటి రాతిగోడ మీద ఎండ పడుతోంది. కింద వాగు చప్పుడు సన్నగా వినబడుతోంది. దగ్గర్లోని తుమ్మ మొద్దు మీద వడ్రంగిపిట్ట టకటకమని కొడుతోంది. దానికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అది కనబడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను నేను.

"అదిగో" అన్నాను, ఒక చివరి ఆశతో. "ఇక్కడే కూర్చోండి. కాసేపు ఓపిక పడితే అక్‌అక్ ఎదురుగా ఉన్న చెట్టు మీదికే వస్తుంది. పిల్లలకి మేత తీసుకుని ఈ దారినే పోతుంది."

అబూ మిషాల్ తలెత్తి కూడా చూడలేదు. "వడ్రంగి నా దగ్గరుంది" అన్నాడు. "దిగుదాం."

నా దగ్గరుందట! వాడి జేబులో ఉన్నట్టు.

మెట్ల దారి దిగాం. పూర్వం మా తాతలు జొన్న వేసిన రాతి గట్ల పక్కనుంచి, పాడుబడ్డ కాపలా బురుజు కింద నుంచి. అన్న కర్ర పోటేసుకుంటూ ముందు నడిచాడు, ప్రతి మెట్టుకీ ఆగుతూ. ఆ మోకాళ్లు చూస్తుంటే జాలి వేయాలి. ఆ రోజు నాకు వేయలేదు. పడితే పడనీ అనుకున్నాను, నిజం.

గూడు కనబడేంత దగ్గరకు రాగానే అబూ మిషాల్ ఫోన్ తీసి ఏదో నొక్కాడు. ఫోన్లోంచి అక్‌అక్ అరుపు గట్టిగా వచ్చింది. వెంటనే మగపిట్ట రివ్వున వచ్చింది, ముక్కున మేత పట్టుకుని. తన చోట్లోకి పరాయి పిట్టేదో దూరిందనుకుంది పాపం. మేత పడేసి, కొమ్మ కొమ్మా గంతులేస్తూ, తోక కొట్టుకుంటూ అరవడం మొదలుపెట్టింది.

"ఆపవయ్యా అది!" అన్నాను.

"ఒక్క నిమిషం పెద్దమ్మా, ఎంత బాగా వచ్చిందో చూడు."

"దాని ఇల్లు పోతోందని ఏడుస్తుంటే బాగా వచ్చిందంటావా? నీ ఇంటి ముందు ఎవడైనా ఇలా అరిస్తే నువ్వెలా వస్తావో అది కూడా ఫొటో తీయించుకో!"

"ఆపండి అబూ మిషాల్" అన్నాడు అన్న, తలొంచుకుని. వాడు నవ్వుతూ ఆపాడు, చిన్నపిల్లల్ని సముదాయిస్తున్నట్టు.

గూడు ఒక రాతి అరుగు మీద పెరిగిన అరార్ చెట్టులో ఉంది. మనిషి చెయ్యెత్తితే అందదు, కర్ర ఎత్తితే అందుతుంది. నేను చెప్పినట్టే ఉంది, పైనంతా ముళ్ల పుల్లలు, పక్కగా పిట్ట పట్టేంత సందు. లోపల్నుంచి పిల్లల కీచు వినబడుతోంది. తల్లిపిట్ట దూరంగా రాయి మీద కూర్చుంది, మేం ఉన్నంతసేపూ దగ్గరికి రాదు. మేము అక్కడ నిలబడిన ప్రతి నిమిషం ఆ పిల్లలు ఆకలితో ఉన్నాయి.

"చూశారు కదా" అన్నాడు అన్న. "చూపిస్తానన్నాను, చూపించాను. ఇక పోదాం."

అబూ మిషాల్ అటూ ఇటూ తిరిగి చూసి, "ఫవ్వాజ్, కొక్కెం తే" అన్నాడు. సంచిలోంచి మడత కర్ర ఒకటి బయటికొచ్చింది. చివర ఇనుప కొక్కెం. అంటే ఇంటి దగ్గర్నుంచే సిద్ధపడి వచ్చాడన్నమాట! "పైన రెండు పుల్లలు తీస్తే చాలు. తీసి, ఫొటో కొట్టి, మళ్లీ పెట్టేద్దాం."

"మళ్లీ పెడతావా?" అన్నాను. "పైన కాకులు తిరుగుతున్నాయి కనబడటంలా? నువ్వు పీకి అటు తిరిగేలోపు అవి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతాయి."

వాడు నాతో మాట్లాడలేదు. మా అన్నతో మాట్లాడాడు, కొడుకు పేరు కలిపి మర్యాదగా పిలుస్తూ. "అబూ జాఫిర్, నా పని అయినట్టే అన్నారు. నా పని పిల్లల ఫొటో. మీరు మాట ఇచ్చారు, నేను కాఫీ తాగాను. ఫవ్వాజ్ దగ్గర వీడియో కూడా ఉంది. మీ వంశంవాళ్లు మాట తప్పరని విన్నాను మరి."

నేను వెళ్లి చెట్టు ముందు నిలబడ్డాను.

"జరుగు తర్ఫా" అన్నాడు మా అన్న.

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. "ఏమన్నావు?"

"జరుగు. పరాయివాళ్ల ముందు నన్ను అబద్ధాలకోరుని చేయకు." నాన్న సమాధి దగ్గర ఏడ్చిన ఈ నోటితోనే అన్నాడు.

నాకు కోపం రావడం కొత్త కాదు. ఊళ్లో నన్ను చూసి మేకలు కూడా పక్కకు తప్పుకుంటాయని వెక్కిరిస్తారు. కానీ అంతటి కోపం అదే మొదటిసారి. తల మీది పసుపు గుడ్డ ముడి విప్పాను, తీశాను. దాన్ని వాళ్లకూ చెట్టుకూ మధ్య నేల మీద పడేశాను. నా నెరిసిన జుట్టు పరాయి మగవాళ్ల ముందు గాలికి ఎగిరింది. మా ఆయన తప్ప వయసొచ్చాక ఏ పరాయివాడూ చూడని జుట్టు. సిగ్గేసింది, ఏం లేదని ఎందుకనాలి? సిగ్గుతోనే నిలబడ్డాను.

మా దగ్గర ఆడది తలగుడ్డ తీసి నేల మీద వేసిందంటే అక్కడితో ఆఖరు. కత్తులు దూసుకున్న రెండు గుంపులు కూడా దాన్ని దాటవు. మా అన్న మొహం పాలిపోయింది. ఫవ్వాజ్ ఫోన్ దించేశాడు. వాడికీ తెలుసు, వాడి అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇటువైపు వాళ్లే అయి ఉంటారు. "మామా, వద్దు, పోదాం" అన్నాడు మెల్లగా.

"ఈ ముసలమ్మ నాటకాలకి భయపడతావా?" అని అబూ మిషాల్ వాడి చేతిలో కర్ర లాక్కున్నాడు. గిన్నె కింద పెట్టడం నేర్చుకున్నాడు గానీ, మిగతా సగం ఎవరూ నేర్పలేదు వాడికి. రెండు అడుగులు వేశాడు. రెండో అడుగు నా గుడ్డ మీదే పడింది. బూటుతో తొక్కి, నన్ను భుజంతో పక్కకు నెట్టి, కొక్కెం పైకెత్తి గూటికి తగిలించి లాగాడు.

పుల్లలు జలజలా రాలాయి. పిల్లలు ఒక్కసారిగా కీచుమన్నాయి. తల్లిపిట్ట రాయి మీంచి లేచి మా తలల మీదుగా అరుస్తూ తిరిగింది.

రెండోసారి లాగడానికి వాడు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగలేదు. మా అన్న చేతికర్ర వచ్చి కొక్కెం కర్రను అంత దూరం ఎగరగొట్టింది. మోకాళ్లు లేవని మూలిగే మనిషి, ఆ రాతి అరుగు మీదికి ఎలా ఎక్కాడో నేను చూడనేలేదు.

"ఇదేనా మీ మర్యాద? నేను మీ అతిథిని!" అని అరిచాడు అబూ మిషాల్, చెయ్యి విదిలించుకుంటూ.

"నిన్న నా ఇంట్లో కాఫీ తాగినవాడు నా అతిథి" అన్నాడు అన్న. "నా చెల్లెలి తలగుడ్డ తొక్కినవాడు నాకేమీ కాడు. నేనిచ్చిన మాట అదిగో, నీ బూటు కింద ఉంది. కావాలంటే ఏరుకో."

"నిన్నటి వీడియో అందరికీ చూపిస్తాను. మీ పరువు వీధిలో పెడతాను."

"చూపించు. మొత్తం చూపించు. ఈ గుడ్డ తొక్కింది కూడా చెప్పు. ఆ తర్వాత ఈ కొండల్లో గానీ, మీ వైపు గానీ, ఎవడు నీకు కాఫీ పోస్తాడో నేనూ చూస్తాను."

అబూ మిషాల్ కిందికి చూశాడు. తన కాలు ఎక్కడుందో అప్పుడు చూసుకున్నాడు. చూసుకుని తీశాడు, నిప్పు మీంచి తీసినట్టు. ఫవ్వాజ్ సంచీలు ఎత్తుకుని ముందే మెట్ల దారి పట్టాడు, నావైపు చూడకుండా, "తప్పయిపోయింది అమ్మా" అని గొణుగుతూ. నా బండి ఎక్కుతారేమోనని తాళాలు చేతిలో గట్టిగా పట్టుకున్నాను. అడగలేదు. ఇంటిదాకా ఎండలో నడిచే పోయారు. కోతులు చూసే ఉంటాయి.

మేమిద్దరం మిగిలాం. గూటి పైన చెయ్యి పట్టేంత కన్నం పడింది. మనం సరిచేద్దామంటే ఆ పుల్లల అల్లిక మనిషి చేతికి వచ్చేది కాదు. దగ్గరుంటే తల్లిపిట్ట రాదు. దూరం పోతే కాకులొస్తాయి. చివరికి అరుగు దిగి, కొంత కిందగా రాళ్ల చాటున కూర్చున్నాం, కాకి వంగినప్పుడల్లా రాళ్లు విసురుతూ. అన్న నా గుడ్డ తీసుకుని, దుమ్ము దులిపి, తల పక్కకు తిప్పుకుని నాకు అందించాడు. బూటు గుర్తు పోలేదు. అలాగే కట్టుకున్నాను.

ఎండ ఎదుటి గోడ మీంచి జారి ఇవతలికొచ్చింది. పిల్లల కీచు సన్నబడుతోంది. ఇక రావు, భయపడి వదిలేశాయి అనుకున్నాను. మా అన్నను అక్కడే కర్రతో చావగొట్టాలన్నంత మంటగా ఉంది. "నాన్న ముఖం చూడు" అన్నాను, ఆగలేక. "నీ ముఖం కాదు, నాన్న ముఖం. ఆ కన్నం దాని మీదే పడింది." అన్న చిన్నప్పుడు నాన్న చేత దెబ్బలు తిన్నాక కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది తల్లిపిట్ట. ముందు పై కొమ్మ మీద వాలింది. చాలాసేపు అటూ ఇటూ చూసింది. కన్నంలోంచే లోపలికి దిగింది. పిల్లల గోల ఒక్కసారి పెరిగింది, తర్వాత ఆగిపోయింది, నోట్లో మేత పడ్డాక ఆగినట్టు. కాసేపటికి మగపిట్ట వచ్చింది, ముక్కున ఒక ముళ్లపుల్ల అడ్డంగా పట్టుకుని. దాన్ని కన్నం మీద పెట్టింది, నచ్చక తీసింది, మళ్లీ పెట్టింది. నేను ఏడ్చాను. మా అన్న కూడా ఏడ్చాడు, కానీ నేను చూడనట్టే ఉన్నాను. అతనికి ఆ సుఖం ఇవ్వాలనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి తెల్లకారు లేదు. వాళ్లు తెచ్చిన ఖర్జూరం డబ్బా మాత్రం గుమ్మంలో ఉంది. మేకలకు పడేశాను.

సాయంత్రం నమాజు అయ్యాక కాఫీ కాచాను. మామూలుగా ఇంటాయన కూర్చునే చోట కాకుండా, అన్న వెళ్లి అతిథి కూర్చునే చోట కూర్చున్నాడు, నిన్న అబూ మిషాల్ కూర్చున్న చోటే. నేను కాఫీ పోసి అందించాను. అందుకున్నాడు. తాగలేదు. మెల్లగా తివాచీ మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

నాకు అర్థమైంది. ఆ సమయంలో ఏమనాలో మా ఇళ్లల్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. తాగు, నీ పని అయినట్టే అనాలి.

"ఏం కావాలో ముందు చెప్పు" అన్నాను. "విన్నాక చూస్తాను."

అన్న తలెత్తి చూశాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "నన్ను క్షమించు తర్ఫా" అన్నాడు.

"కుదరదు."

గిన్నె అలాగే ఉంది. ఏలకుల వాసన తగ్గుతూ వచ్చింది. బయట మేకలు ఖర్జూరం గింజలు కొరుకుతున్న చప్పుడు. అతను లేవలేదు, నేనూ లేవలేదు.

"అయితే ఇంకోటి అడుగుతాను" అన్నాడు చాలాసేపటికి. "నాన్న మాట నేను మొయ్యలేకపోయాను. అతిథి కనిపిస్తే నా నోరు నా చేతిలో ఉండదు, నువ్వన్నది నిజమే. ఆ మాట నువ్వు తీసుకో. ఇవాళ్టి నుంచి ఆ పిట్టలు నీ ముఖం మీద ఉన్నాయి. శుక్రవారం మసీదు దగ్గర అందరి ముందూ చెబుతాను."

మా కొండల్లో ఎప్పుడూ ఏ ఆడదాని ముఖం మీదా ఎవరినీ పెట్టలేదు. "నిన్ను చూసి నవ్వుతారు" అన్నాను.

"నాన్నను చూసి కూడా నవ్వారుగా."

అడిగింది రెండోసారి మనసులో అనుకున్నాను, ఎక్కడైనా తిరకాసు ఉందేమోనని. లేదు. చల్లారిన కాఫీ గుమ్మం బయట పారబోసి, గిన్నె కడిగి, వేడిది పోసి అతని ముందు పెట్టాను.

"తాగు" అన్నాను. "క్షమించలేదు. తాగు."